బీడీ చుట్టే చేతుల వాటాకు ఓటెవరిది?

2023 నవంబర్ 10న కామారెడ్డిలో కాంగ్రెస్ పార్టీ బీసీ డిక్లరేషన్‌ను ప్రకటించిన నాటి నుంచి తెలంగాణ రాజకీయాల్లో కులాల లెక్క ఎవరూ తప్పించుకోలేని అంశమైంది. స్థానిక సంస్థల్లో వెనుకబడిన తరగతులకు 42 శాతం కోటా అన్న ఆ హామీ వెనుకే 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాని ఫలితాలు వెలువడ్డాయి. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. అంటే రాష్ట్రంలో నూటికి ఎనభై నాలుగు మంది. మార్చిలో శాసనసభ బిల్లులను ఆమోదించింది. ఆ తర్వాతి కథ రాజ్‌భవన్‌కూ ఢిల్లీకీ న్యాయస్థానాలకూ మధ్య తిరిగింది.

ఈ చర్చంతటిలో ఒక మౌనం ఉంది. సర్పంచ్ కుర్చీ, ఎంపీటీసీ స్థానం, కళాశాల సీటు, ప్రభుత్వ కొలువు: మన లెక్కలన్నీ వీటి చుట్టూనే తిరుగుతున్నాయి. అవి ముఖ్యం కాదని ఎవరూ అనరు. అయితే దేశ సంపద పోగుపడుతున్న చోటు గ్రామపంచాయతీ కార్యాలయం కాదు, స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీల బోర్డు గది. ఆ గదిలోకి ఏ ఎన్యూమరేటరూ వెళ్లలేదు. డి. అజిత్, హాన్ డోంకర్, రవి సక్సేనా అనే ముగ్గురు పరిశోధకులు మాత్రం 2010 నాటి వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించి, 2012లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక అధ్యయనం ప్రచురించారు. కంపెనీలు తమంతట తాముగా చెప్పవు కాబట్టి వారు పేర్ల ఆధారంగా లెక్క కట్టారు. 9,052 మంది డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాల వారని తేలింది. ఓబీసీలు 3.8 శాతం, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతం.

ఈ అంకెలను తరగతి గదిలో ప్రస్తావించినప్పుడల్లా విద్యార్థుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "ప్రైవేటు కంపెనీ అంటే వాటాదారుల సొత్తు కదా సార్, అందులో ఎవరుండాలో చెప్పడానికి మనమెవరం?" ఇది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ఆ వాటాదారులు ఎవరో ముందు తేల్చుకోవాలి. ఆ వెతుకులాట మనల్ని నేరుగా కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్ల అరుగుల మీదికి తీసుకువస్తుంది.

ఈ ప్రాంతంలో బీడీలు చుట్టని ఊరు అరుదు. మా బంధువుల ఇళ్లలో ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం లేని మధ్యాహ్నం నేను ఎరుగను. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట అడవి అంచుల్లో ఎండాకాలం తునికాకు తెంపేది లంబాడా తండాల వారు, పేద దళిత బహుజనులు. ఆ ఆకును బీడీగా చుట్టేది పద్మశాలి, ముదిరాజ్, గౌడ, రజక, మాల, మాదిగ, ముస్లిం స్త్రీలు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. కార్ఖానాలో తీసుకునేటప్పుడు బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు కూలి రాదు. ఇంత అరకొర బతుకులోనూ ఆమెకు ఒక హక్కు దక్కింది. 1977లో బీడీ పరిశ్రమకు భవిష్య నిధి చట్టం వర్తించింది. ఇంటి దగ్గర చుట్టేవారు కార్మికులు కారని యజమానులు వాదించినా సుప్రీంకోర్టు 1985లో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. నేడు పీఎఫ్ ఖాతా ఉన్న బీడీ కార్మికురాలి కూలిలో పది శాతం ఆ నిధికి వెళుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జీవన భృతికీ ఆ ఖాతాయే ఆధారం కనుక పీఎఫ్ నంబరు విలువ ఇక్కడి స్త్రీలకు బాగా తెలుసు.

వారికి ఎవరూ చెప్పని విషయం మరొకటుంది. 2015 ఆగస్టు నుంచి ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని స్టాక్ మార్కెట్లో పెడుతోంది. మొదట 5 శాతం, ఆ పైన 10, 2017 నుంచి 15 శాతం. సంస్థ నేరుగా షేర్లు కొనదు. నిఫ్టీ, సెన్సెక్స్ సూచీలను అనుసరించే ఈటీఎఫ్‌ల యూనిట్లు కొంటుంది. నిఫ్టీలో ఉన్న యాభై కంపెనీల షేర్లు ఆ ఫండ్ దగ్గర ఉంటాయి. వాటిలో దేశంలోనే అతి పెద్ద సిగరెట్ల తయారీదారు ఐటీసీ కూడా ఒకటి. అంటే బీడీ చుట్టే చేతుల పొదుపులో ఒక పిసరు సిగరెట్ కంపెనీలో వాటాగా మారింది. బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో, సిమెంటు, ఉక్కు, ఔషధ కంపెనీల్లో కూడా ఆ పిసరు ఉంది. ఆమె పేరున షేరు లేదు, కానీ ఆమె చెమట ఆ షేరులో ఉంది. షేరుతో పాటు ఓటు కూడా వస్తుంది. ఆ ఓటును ఫండ్ నిర్వాహకులు వేస్తారు. ఎవరిని డైరెక్టరుగా నియమించాలి, ఎండీ జీతం ఎంత ఉండాలి అనే తీర్మానాలపై ఆమె సొమ్ముతో ఓట్లు పడుతూనే ఉన్నాయి. ఆమె తరఫున ఒక్క ప్రశ్న కూడా పుట్టడం లేదు.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నలు పుట్టి అర్ధ శతాబ్దం దాటింది. 1967లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో నల్లజాతి వారికి కొడాక్ కంపెనీ ఉద్యోగాలు ఇవ్వాలని పోరాడిన 'ఫైట్' అనే సంస్థ కొన్ని షేర్లు కొని, వాటాదారుల హోదాలో కంపెనీ వార్షిక సమావేశానికి వెళ్లింది. 1971లో ఎపిస్కోపల్ చర్చి, దక్షిణాఫ్రికా నుంచి వైదొలగాలని జనరల్ మోటార్స్ సమావేశంలో తీర్మానం పెట్టింది. తీర్మానం ఓడిపోయింది. అయితే వర్ణవివక్ష రాజ్యంతో వ్యాపారం అనేది ఆ రోజు నుంచి కంపెనీలు జవాబు చెప్పుకోవలసిన విషయమైంది. వాటాదారుల ఉద్యమం అంటే స్థూలంగా ఇదే: లాభం పంచుకునే హక్కుతో పాటు ఆ లాభం ఎవరి వీపు మీద పుట్టిందో అడిగే హక్కునూ వాడుకోవడం.

మన గడ్డ మీద దీనికి నిఖార్సైన ఉదాహరణ సంకర పత్తి విత్తనాలది. ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సీడ్ పత్తి సాగు గురించి తెలిసినవారికి ఆ పని తీరు తెలుసు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. పువ్వు పువ్వుకీ చేతితో చేయాల్సిన ఈ క్రాసింగ్ పనికి నెలల తరబడి ఆడపిల్లలను పెట్టేవారు. తల్లిదండ్రులకు ముందుగానే అడ్వాన్సు ఇచ్చి పిల్లను సీజనంతా కట్టిపడేసేవారు. హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2001 నుంచి వెలువరించిన నివేదికలు, శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషి ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టాయి. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే రెండు లక్షలకు పైగా పిల్లలు ఈ పొలాల్లో ఉన్నారని ఆ నివేదికల అంచనా. వారిలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల బాలికలు. బాలకార్మికత అన్న మాటలో వయసు మాత్రమే వినిపిస్తుంది. ఆ పొలాల్లో వయసుతో పాటు కులమూ లింగమూ కలిసి కూలి రేటును నిర్ణయించాయి.

ఆ విత్తనం కొనేది ఎవరు? దేశీయ సంస్థలతో పాటు బేయర్, మోన్‌శాంటో, సింజెంటా వంటి బహుళజాతి సంస్థల అనుబంధ కంపెనీలు, భాగస్వాములు. 'పిల్లలను పెట్టింది రైతు, మాకేం సంబంధం' అని కంపెనీలు తొలుత తప్పుకోజూశాయి. విత్తనానికి కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్లకు కనీస వేతనం చెల్లించడం రైతుకు సాధ్యం కాదని 2005లో వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా రాసిన అధ్యయనం వివరించింది. అంటే పిల్ల బాల్యం కంపెనీ కొనుగోలు ధరలోనే అమ్ముడుపోయింది. ఈ వాదనను జర్మనీలో బేయర్‌పై నిఘా పెట్టిన ఉద్యమ సంస్థలు ఆ కంపెనీ వాటాదారుల సమావేశాల దాకా తీసుకెళ్లాయి. అక్కడ ఒక్క షేరున్న వ్యక్తి కూడా నిలబడి యాజమాన్యాన్ని నిలదీయవచ్చు.

అంతకన్నా పెద్ద కదలిక నార్వే నుంచి వచ్చింది. చమురు ఆదాయంతో ఏర్పడిన ఆ దేశపు ప్రభుత్వ పింఛను నిధికి మోన్‌శాంటోలో షేర్లు ఉన్నాయి. నిధికి సలహాలిచ్చే నైతిక మండలి, భారతదేశపు పత్తి విత్తన పొలాల్లో బాలకార్మికత కారణంగా మోన్‌శాంటో షేర్లను వదిలించుకోవాలని 2006 నవంబర్‌లో సిఫారసు చేసింది. 2008లో ఆ దేశ ఆర్థిక శాఖ వేరే నిర్ణయం తీసుకుంది. షేర్లు అమ్మేస్తే ప్రశ్నించే హక్కూ పోతుంది కాబట్టి, వాటాదారుగానే ఉండి కంపెనీని మార్చే బాధ్యతను నార్వే కేంద్ర బ్యాంకుకు అప్పగించింది. ఆ బ్యాంకు మోన్‌శాంటోతోనే ఆగక ఇతర విత్తన సంస్థలతోనూ మాట్లాడింది. ఉద్యమాల ఒత్తిడీ పెట్టుబడిదారుల ఒత్తిడీ కలిసి పొలాల తనిఖీలు, పిల్లలను పెట్టని రైతుకు అదనపు ధర వంటి ఏర్పాట్లకు దారితీశాయి. పెద్ద కంపెనీల పొలాల్లో పిల్లల సంఖ్య తగ్గింది.

ఈ విజయానికి ఉన్న హద్దును కూడా చెప్పాలి. 2015లో వెంకటేశ్వర్లు వెలువరించిన నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా పత్తి విత్తన పొలాల్లో పద్దెనిమిదేళ్ల లోపు వారు ఇంకా దాదాపు ఐదు లక్షల మంది ఉన్నారు. వారిలో సుమారు రెండు లక్షల మంది పద్నాలుగేళ్ల లోపు వారే. పేరున్న కంపెనీ తన ముంగిలి ఊడ్చుకుంటే చెత్త పక్క వాకిట్లో తేలుతుంది. వాటాదారుల ఒత్తిడి ఒక కంపెనీని కదిలించగలదు. మొత్తం రంగాన్ని మార్చాలంటే చట్టం, బడి, కూలి, సంఘం కావాలి.

అయినా ఈ కథలో మనం సిగ్గుపడవలసిన అంశం ఒకటుంది. గద్వాల ప్రాంతపు దళిత బాలిక గురించి ఎక్కడో ఉత్తర ఐరోపాలో ఉన్న పింఛను నిధి ప్రశ్నించింది. అదే బాలిక సాటి కులాల తల్లుల పొదుపుతో నడిచే మన నిధులు ప్రశ్నించలేదు. దేశీయ పెట్టుబడిదారుల్లో అతి పెద్దదైన జీవిత బీమా సంస్థా ప్రశ్నించలేదు. వాటా ఉండటం వేరు, వాటాదారుగా ప్రవర్తించటం వేరు. ఈ తేడా నిజామాబాద్ ప్రజలకు కొత్త కాదు. బోధన్‌లోని నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటీకరించినప్పుడు 51 శాతం ప్రైవేటు సంస్థకు పోగా 49 శాతం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. దాదాపు సగం వాటా చేతిలో ఉండగానే 2015 డిసెంబర్‌లో కర్మాగారానికి తాళం పడింది, కార్మికులు రోడ్డున పడ్డారు.

మన దగ్గర వాటాదారుల ప్రశ్న ఎందుకు మొలకెత్తలేదు? చట్టాన్ని చూస్తే ఒక కారణం కనిపిస్తుంది. 1956 నాటి కంపెనీల చట్టం 188వ సెక్షన్ ప్రకారం, మొత్తం ఓటింగ్ శక్తిలో ఇరవయ్యో వంతు ఉన్నవారు గానీ, లేదా కలిపి లక్ష రూపాయల మూలధనం చెల్లించిన వంద మంది సభ్యులు గానీ వార్షిక సమావేశంలో తీర్మానం పెట్టించవచ్చు. వంద మంది చిన్నవాళ్లు జట్టుకడితే పెద్ద కంపెనీ చేత కూడా తమ ప్రశ్నను వాటాదారులందరికీ పంపించగలిగే దారి అది. 2013 చట్టం 111వ సెక్షన్ ఆ దారిని మూసేసింది. ఇప్పుడు కనీసం పదో వంతు ఓటింగ్ మూలధనం ఉండాలి. పెద్ద కంపెనీలో పదో వంతు అంటే వేల కోట్లు. అమెరికాలో 2020లో సవరించిన నిబంధన ప్రకారం కూడా మూడేళ్లుగా 2,000 డాలర్ల షేర్లు ఉంచుకున్నవారు తీర్మానం ప్రతిపాదించవచ్చు.

అదే 2013 చట్టం 135వ సెక్షన్ కింద కార్పొరేట్ సామాజిక బాధ్యతను తప్పనిసరి చేసింది. 500 కోట్ల నికర విలువ లేదా 1,000 కోట్ల టర్నోవర్ లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒక చేత్తో రెండు శాతం దానం చేయించి, మరో చేత్తో చిన్న వాటాదారు ప్రశ్నను లాగేసుకున్నారు. మన కుల సమాజానికి ఈ అమరిక బాగా పరిచితం. దానమిచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద. బడికి బెంచీలిచ్చిన కంపెనీకి ఊళ్లో సన్మానం జరుగుతుంది. ఆ కంపెనీలో ఆ బడి పిల్లలకు ఏ ఉద్యోగాలు వస్తున్నాయి, ఊడ్చే పనిలో ఏ కులం వారున్నారు, నిర్ణయాలు చేసే బల్ల చుట్టూ ఏ కులం వారున్నారు అని అడిగేవాడు కృతఘ్నుడవుతాడు. లాభంలో రెండు శాతం ఎలా ఖర్చుపెట్టారన్నది సామాజిక బాధ్యతలో చిన్న భాగం. మిగతా తొంభై ఎనిమిది శాతం ఎలా సంపాదించారన్నది మానవ హక్కుల ప్రశ్న.

వెల్లడి నిబంధనల్లోనూ ఇదే తంతు. సెబీ 2021లో ప్రకటించిన బాధ్యతాయుత వ్యాపార నివేదిక 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి అయింది. ఉద్యోగుల్లో స్త్రీలెందరు, వికలాంగులెందరు, కనీస వేతనం ఎందరికి అందుతోంది అని అందులో గడులున్నాయి. కులానికి గడి లేదు. సీఎస్ఆర్ లబ్ధిదారుల్లో అణగారిన వర్గాల వారెందరు అన్న ప్రశ్న ఉంది, దానికి జవాబివ్వడం ఐచ్ఛికం. దానం పుచ్చుకునే చోట అణగారిన వర్గం గుర్తుకొస్తుంది, జీతం తీసుకునే చోట మాయమవుతుంది. ప్రైవేటు రంగంలో అవకాశాలపై 2002 భోపాల్ డిక్లరేషన్ నుంచీ దళిత మేధావులు అడుగుతూనే ఉన్నారు. 2006లో పరిశ్రమ సంఘాలు స్వచ్ఛంద నియమావళి ప్రకటించుకున్నాయి. లెక్క చూపనవసరం లేని వాగ్దానం ఎంత దూరం నడుస్తుందో బోర్డులపై 2012 నాటి అధ్యయనం చూపింది.

ఈ మార్గానికి ఉన్న ఆక్షేపణ నాకు తెలుసు. కంపెనీలో ఓటు మనిషికి కాదు, రూపాయికి. ఒక మనిషికి ఒకే విలువ కావాలన్న అంబేడ్కర్ ఆలోచనకు ఇది పూర్తి విరుద్ధం. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నారు. రాజ్యం తప్పుకున్న చోట మిగిలేది ప్రైవేటు యజమాని నియంతృత్వమేనని హెచ్చరించారు. ఆ హెచ్చరిక నేటికీ నిజమే. బీడీ కంపెనీల సంగతే చూడండి. వాటిలో ఎక్కువ భాగం కుటుంబ, భాగస్వామ్య సంస్థలు. అక్కడ వాటాదారుల సమావేశమే ఉండదు, కార్మిక సంఘమే దిక్కు. వాటాదారుల ఉద్యమం సంఘానికీ రిజర్వేషన్‌కూ ప్రత్యామ్నాయం కాదు. అయితే మన సొమ్ముతో, మన పేరు చెప్పకుండా, రోజూ వాడుతున్న ఓటును వాళ్లకే వదిలేయమని అంబేడ్కర్ చెప్పలేదు.

కాబట్టి సామాజిక న్యాయ ఉద్యమాలు తమ కోరికల పత్రంలో నాలుగు అంశాలు చేర్చాలని నా ప్రతిపాదన. మొదటిది, వంద మంది సభ్యులు తీర్మానం పెట్టే హక్కును కంపెనీల చట్టంలో పునరుద్ధరించాలి. రెండవది, బాధ్యతాయుత వ్యాపార నివేదికలో ఉద్యోగులు, మేనేజర్లు, డైరెక్టర్ల సామాజిక వర్గాల గడి తప్పనిసరి కావాలి. మూడవది, భవిష్య నిధి సొమ్ముతో కొన్న వాటాల ఓట్లు ఎలా పడాలో ఒక బహిరంగ విధానం రావాలి. ఆ విధానం రూపొందించే చోట బీడీ కార్మికుల వంటి సభ్యుల ప్రతినిధులు ఉండాలి. నాలుగవది, కంపెనీలు తమ సరఫరా గొలుసులోని చివరి పొలం వరకూ, చివరి కార్ఖానా వరకూ కూలి ధరకు బాధ్యత వహించాలి.

చట్టాలు మారే దాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. లిస్టెడ్ కంపెనీలో ఒక్క షేరు ఉన్నవారికీ వార్షిక సమావేశంలో పాల్గొనే హక్కు ఉంది. 2020 నుంచి చాలా కంపెనీలు ఈ సమావేశాలను వీడియో ద్వారా జరుపుతున్నాయి. ఎల్లారెడ్డిలోని డిగ్రీ విద్యార్థి ముందుగా పేరు నమోదు చేసుకుని ముంబయి కంపెనీ ఛైర్మన్‌ను ఫోన్‌లోనే ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నకు తీర్మానం బలం ఉండకపోవచ్చు గానీ అది సభలో వినిపిస్తుంది. 151వ సెక్షన్ కింద వెయ్యి మంది చిన్న వాటాదారులు కలిస్తే తమ తరఫున ఒక డైరెక్టరును ప్రతిపాదించే వీలు కూడా ఉంది. మ్యూచువల్ ఫండ్లు ఏ తీర్మానానికి ఎలా ఓటేశాయో సెబీ నిబంధనల ప్రకారం బహిరంగంగా ప్రకటించాలి. ఆ పట్టికలను చదివి, కామారెడ్డి కార్మికురాలి సొమ్ముతో ఎవరికి ఓటు పడిందో తెలుగులో రాసిపెట్టే పని మన విశ్వవిద్యాలయాల్లోని వాణిజ్య, ఆర్థిక, సామాజిక శాస్త్ర విద్యార్థులు వచ్చే సెమిస్టరులోనే మొదలుపెట్టవచ్చు. ఆ కాగితాన్ని ముందుగా అందజేయాల్సింది కంపెనీలకు కాదు, బీడీ కార్ఖానా ముందు వరుసలో నిలబడిన స్త్రీలకు. తమ సొమ్ము ఎక్కడుందో తెలిసిన తర్వాత ఏమడగాలో వారికి మనం నేర్పనక్కరలేదు.